పర్వతారోహణ, రాక్ క్లైంబింగ్ కోర్సులు: తొలి ముడి నుంచి సొంత నిర్ణయం దాకా

కొండలు ఎక్కడం నేర్చుకుందామనుకునే వాళ్లలో ఎక్కువమంది మొదట అడిగేది "ఏ శిఖరం దాకా తీసుకెళ్తారు?" అని. కోర్సుల ప్రకటనల్లోనూ శిఖరం ఫొటోనే పెద్దగా వేస్తారు. అంతకంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది: "ఈ కోర్సు అయ్యాక తాడు మీద ఏ పని నా అంతట నేను, పక్కన ఎవరూ లేకపోయినా, తప్పు లేకుండా చేయగలను?" హార్నెస్‌కి (నడుముకీ తొడలకీ కట్టుకునే పట్టీలకి) ముడి వేసుకోవడమా, కింద నిలబడి తోటివాళ్ల తాడు పట్టుకోవడమా, యాంకర్ (తాడును కొండకు బిగించే ఆధారం) కట్టడమా, వాతావరణం చూసి వెనక్కి తిరగడమా? ఒక్కో స్థాయిలో ఒక్కో పని గైడ్ చేతుల్లోంచి మీ చేతుల్లోకి వస్తుంది. ఆ క్రమం తెలిస్తే ఇప్పుడు దేంట్లో చేరాలో, దేనికి ఇంకా టైముందో మీకే తెలుస్తుంది.

1. మీకు కావాల్సింది శిఖరమా, చదువా?

గైడ్ వెంట శిఖరం ఎక్కడం వేరు, కోర్సు చేయడం వేరు. మొదటిదాంట్లో దారి, వేగం, తాడు, తిరుగు ప్రయాణం అన్నీ గైడే చూసుకుంటాడు. మీరు బలంగా నడిచి, చెప్పింది వింటే చాలు. ఇది ఏ రకంగానూ తక్కువ పని కాదు. 1820లో ఆల్ప్స్‌లోని మాంట్ బ్లాంక్ మీద ముగ్గురు గైడ్లు చనిపోయాక, ఆ మరుసటి ఏడాది ఆ కొండ కింది ఊరైన చామొనీ గైడ్లు సంఘం పెట్టుకున్నారు. రెండు వందల ఏళ్లు దాటిన వృత్తి ఇది. జీవితంలో ఒక్క పెద్ద శిఖరం చూస్తే చాలనుకునేవాళ్లు నిస్సంకోచంగా గైడ్‌తో వెళ్లొచ్చు.

కోర్సులో దృశ్యం వేరేలా ఉంటుంది. పది మీటర్ల రాతి దగ్గరే రోజంతా గడుస్తుంది. ఒకే ముడి పదేపదే వేయిస్తారు, జారడం కావాలనే చేయిస్తారు. ఫొటోలకు పెద్దగా పనికిరాదు కానీ ఇంటికొచ్చాక మిగిలేది ఇదే. కొన్ని ప్యాకేజీలు రెండింటినీ కలిపేస్తాయి: పేరు కోర్సు, లోపల ఎక్కువ రోజులు శిఖరం వైపు నడకే. అందుకే డబ్బు కట్టకముందే రోజువారీ షెడ్యూల్ అడగండి. ఏ రోజు ఏ నైపుణ్యం నేర్పుతారో, దాన్ని మీ చేత ఎన్నిసార్లు చేయిస్తారో చెప్పలేకపోతే, దాని పేరు ఏదైనా అది ట్రిప్పే.

2. మీ స్థాయిని ఉన్నదున్నట్టు చెప్పండి

గ్రేడ్లు తెలిసుంటే మాట్లాడుకోవడం సులువు. అమెరికా పద్ధతిలో తాడుతో ఎక్కే రాతి మార్గాలు 5.0 నుంచి మొదలై ఇప్పటికి 5.15డి దాకా వెళ్లాయి. ఫ్రెంచి పద్ధతిలో 4, 5, 6ఎ, 6బి అంటూ పెరుగుతాయి. పర్వత మార్గాలకు ఇంకో ఫ్రెంచి వరుస ఉంది: ఎఫ్, పీడీ, ఏడీ, డీ, టీడీ, ఈడీ. ఎఫ్ అంటే తేలిక, ఈడీ అంటే అత్యంత కఠినం. ఈ వరుస రాయి కష్టాన్ని ఒక్కదాన్నే కొలవదు. ఎత్తు, పొడవు, ప్రమాదం, వెనక్కి రావడంలో ఇబ్బంది అన్నీ అందులో కలిసి ఉంటాయి.

జిమ్‌లో ఏ గ్రేడ్ ఎక్కగలరన్నది సగం సమాచారమే. అక్కడ పట్టులకు రంగులుంటాయి, తాడు ముందే వేలాడుతుంటుంది, కింద మెత్తటి పరుపుంటుంది. బయటి రాతి మీద ఎక్కడ కాలు పెట్టాలో మీరే వెతుక్కోవాలి. జిమ్‌లో 6బి ఎక్కేవాళ్లు తొలిసారి బయట 5 దగ్గర తడబడటం మామూలే, దానికి చిన్నబుచ్చుకోనక్కర్లేదు. దరఖాస్తులో గ్రేడ్‌తో పాటు ఇవి రాయండి: లీడ్ చేశారా (తాడును మీరే పైకి తీసుకెళ్తూ ముందు ఎక్కారా), బిలే ఎవరికైనా ఇచ్చారా (కింద నుంచి తాడు పట్టారా), ఎంత ఎత్తులో రాత్రి పడుకున్నారు, బరువైన బ్యాగుతో వరసగా ఎన్ని గంటలు నడవగలరు. ఉన్నదానికన్నా ఎక్కువ రాస్తే ఇబ్బంది మీతో ఆగదు, మీ తాడుకు కట్టుకున్న అందరికీ తగులుతుంది.

3. నేర్పేవాళ్ల అర్హత చూడండి

పర్వత గైడ్ల అంతర్జాతీయ సమాఖ్య, ఐఎఫ్‌ఎమ్‌జీఏ, 1965లో మొదలైంది. దాని బ్యాడ్జి ఉన్న గైడ్ రాయి, మంచుతో కూడిన ఎత్తైన పర్వతాలు, స్కీ మూడింటిలోనూ ఏళ్ల తరబడి శిక్షణ పొంది పరీక్షలు నెగ్గి ఉంటారు. హిమానీనదాలూ పదునైన శిఖర రేఖలూ ఉన్న చోటికి వెళ్లే కోర్సైతే ఈ స్థాయి అర్హత అడగడం న్యాయమే. ఒకే పొడవు తాడుతో అయిపోయే చిన్న రాతి గోడల మీద నేర్పడానికి అంత అవసరం లేదు. చాలా దేశాల్లో దానికి విడిగా రాక్ ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్లున్నాయి. సర్టిఫికెట్ ఏ పనికి ఇచ్చారో ఆ పనికే వాడుతున్నారా అన్నది అసలు చూడాల్సిన విషయం.

తర్వాత, ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి ఎంతమంది విద్యార్థులు అని అడగండి. టాప్ రోప్ (ముందే పై నుంచి వేసి ఉన్న తాడు) మీద ఆరుగురి దాకా ఉన్నా ఫర్వాలేదు. పలు తాడు పొడవుల మల్టీపిచ్ మార్గంలో ఇద్దరికి మించితే నేర్పడం కుదరదు. కష్టమైన పర్వత మార్గాల్లో ఒక్కరికి ఒక్కరే మంచిది. ఫోన్లో మాట్లాడేటప్పుడు "వాతావరణం బాగోకపోతే ఏం చేస్తారు?" అని కూడా అడిగి చూడండి. ప్రత్యామ్నాయ ప్రణాళికను టకటకా చెప్పేవాళ్ల మీద నాకు నమ్మకం. శిఖరం గ్యారంటీ అనేవాళ్ల దగ్గరికి వెళ్లొద్దు, కొండ మీద అలాంటి మాట ఇవ్వడం ఎవరి చేతిలోనూ లేదు.

4. మొదటి స్థాయి: రాతి మీద ఓనమాలు

మంచు కొండలే మీ కలైనా సరే, మొదలు రాతి దగ్గర పెట్టుకోమంటాను. ముడులూ తాడూ పొడి వాతావరణంలో, వెచ్చని చేతులతో నేర్చుకుంటే తలకెక్కుతాయి. రెండు మూడు రోజుల ప్రాథమిక కోర్సులో టాప్ రోప్ మీదే పని జరుగుతుంది. తాడు ముందే పై యాంకర్‌లోంచి వేసి ఉంటుంది కాబట్టి బిలే సరిగ్గా ఉంటే పట్టు జారినా కొద్దిగా కిందికి దిగి ఆగిపోతారు.

ఈ స్థాయిలో మీ చేతికొచ్చే తొలి బాధ్యత హార్నెస్‌కి తాడు కట్టుకోవడం. దానికి ఎనిమిది అంకె ఆకారంలో ఉండే ఫిగర్ ఎయిట్ ముడి వాడతారు. తాడు కొసకు ఒక చేయి పొడవు వదిలి ముందు ఒంటరి ఎనిమిది వేస్తారు. కొసను హార్నెస్ ముందున్న కింది లూప్‌లోంచీ పై లూప్‌లోంచీ, అంటే బిలే లూప్ ఆనుకుని ఉన్న ఆ రెండిట్లోంచీ పోనిస్తారు. ఆ తర్వాత మొదటి ఎనిమిది వెళ్లిన దారినే కొసను వెనక్కి నడిపించాలి. పూర్తయ్యాక ఏ వైపు చూసినా తాళ్లు జంటలుగా, ఒకదాన్నొకటి దాటకుండా పక్కపక్కనే కనిపించాలి. నాలుగు పోగులనూ విడివిడిగా గట్టిగా లాగి బిగించాలి. కొస కనీసం జానెడు మిగలాలి. ముడి మొదలుపెట్టాక పూర్తయ్యే దాకా ఎవరు పలకరించినా జవాబివ్వకండి.

ఈ చివరి మాట ఊరికే చెప్పలేదు. 1989లో, అప్పటికే ప్రపంచంలోని గొప్ప క్లైంబర్లలో ఒకరైన లిన్ హిల్ ఫ్రాన్స్‌లోని బ్యూ దగ్గర ముడి సగంలో ఉండగా ధ్యాస మళ్లి దాన్ని పూర్తిచేయకుండానే ఎక్కేశారు. పైకి చేరి దిగడానికి వెనక్కి వాలగానే తాడు ఊడిపోయింది. ఇరవై మీటర్లకు పైగా పడి, చెట్టు అడ్డు రావడంతో ప్రాణాలతో బయటపడ్డారు. ఆవిడకు ముడి రాక కాదు కదా! కాబట్టి మంచి కోర్సుల్లో ఎక్కే ప్రతిసారీ ఇద్దరూ ఒకరినొకరు తనిఖీ చేసుకోవడం తప్పనిసరి. హార్నెస్ బకిల్, ముడి, బిలే పరికరంలో తాడు వెళ్లిన దిశ, కారాబినర్ (తాడు తగిలించే లోహపు కొక్కెం) తాళం, తాడు అవతలి కొసన ఆపుడు ముడి, ఈ అయిదూ చూపుతో సరిపెట్టకుండా చేత్తో తాకి చూడాలి. మీ ఇన్‌స్ట్రక్టర్ తన ముడిని కూడా మీతో చెక్ చేయిస్తుంటే మంచి చోటికే వచ్చారని అర్థం.

రెండో బాధ్యత బిలే. ఎక్కేవారి తాడును కింద నుంచి నియంత్రించే పని ఇది. సూత్రం ఒక్కటే: బ్రేక్ చేయి, అంటే బిలే పరికరంలోంచి బయటికొచ్చే తాడును పట్టిన చేయి, దాన్ని ఏ క్షణంలోనూ వదలదు. తాడు లాగడం, బ్రేక్ చేతిని కిందికి తేవడం, రెండో చేతిని దాని కింద పట్టించడం, బ్రేక్ చేతిని పైకి జరపడం, ఇలా లయ కుదిరేదాకా చేయిస్తారు. 1991లో వచ్చిన గ్రిగ్రీ లాంటి పరికరాలు పడిపోయేటప్పుడు తాడును తామే బిగబడతాయి. అంతమాత్రాన చేయి తీసేయొచ్చని ఎవరైనా నేర్పితే అక్కడ ఆగకండి.

ఇక ఎక్కే పద్ధతి. కొత్తవాళ్లు చేతులతో లాక్కుంటూ పోయి అయిదు నిమిషాల్లో ముంజేతులు రాళ్లలా బిగుసుకుపోయి వేలాడుతుంటారు. బూటు ముందు భాగాన్ని చిన్న అంచు మీద శబ్దం రాకుండా పెట్టడం, నడుమును గోడకు దగ్గరగా ఉంచడం, చేతులు చాచి వేలాడటం, ఈ మూడూ అలవడితే చాలు. బలం దానంతట అదే వస్తుంది.

5. రెండో స్థాయి: లీడ్, యాంకర్, మల్టీపిచ్

ఇక్కడ తాడు పై నుంచి రాదు, మీరే దాన్ని పైకి తీసుకెళ్తారు. దారిలో రాతిలో ముందే బిగించి ఉన్న బోల్టులకో, పగుళ్లలో మీరు అమర్చిన పరికరాలకో తాడును తగిలిస్తూ పోవాలి. చివరి క్లిప్‌కి రెండు మీటర్లు పైన పడితే కనీసం నాలుగు మీటర్లు కిందికి వెళ్తారు, తాడు సాగుదల దానికి అదనం. టెన్షన్ సహజమే. కోర్సులో ముందు వెనకాల టాప్ రోప్ ఉంచి ఉత్తుత్తి లీడ్ చేయిస్తారు, అది విసుగ్గా ఉన్నా దాటవేయకండి.

పతన గుణకం అనే లెక్క ఒకటి ఇక్కడ తప్పకుండా అర్థం కావాలి. పడిన దూరాన్ని, ఆ క్షణానికి వాడుకలో ఉన్న తాడు పొడవుతో భాగించాలి. 20 మీటర్ల తాడు బయట ఉన్నప్పుడు 4 మీటర్లు పడితే 0.2. అదే 4 మీటర్లు, బయట 4 మీటర్లే ఉన్నప్పుడు పడితే 1. మల్టీపిచ్‌లో బిలే స్థానం వదిలి రెండు మీటర్లు ఎక్కి, ఇంకా ఏదీ క్లిప్ చేయకుండా పడితే బిలేయర్‌ని దాటి కిందికి పోతారు, గుణకం 2 అవుతుంది. మామూలు క్లైంబింగ్‌లో అంతకంటే తీవ్రమైన పతనం లేదు. కాబట్టి యాంకర్ దాటిన వెంటనే మొదటి రక్షణ పెట్టమని ఇన్‌స్ట్రక్టర్లు పట్టుబడతారు. లీడ్‌కి సాగే గుణమున్న డైనమిక్ తాడే వాడతారు. ప్రమాణాల ప్రకారం పరీక్షలో తొలి పతనంలో అది 40 శాతం దాకా సాగొచ్చు, ఆ సాగుదలే నడుం విరగకుండా కాపాడుతుంది. సాగని స్టాటిక్ తాడు మీద లీడ్ పతనం చాలా ప్రమాదకరం.

యాంకర్ నేర్పేటప్పుడు ప్రశ్నలు అడగడానికి మొహమాటపడొద్దు. ఒక పాయింట్ ఊడితే మిగతావి నిలుస్తాయా, బరువు అన్నిటి మీదా పంచబడుతోందా, స్లింగ్‌ల (పాయింట్లను కలిపే పట్టీల) మధ్య కోణం ఎంత? కోణం 60 డిగ్రీల లోపు ఉంచాలి. రెండు పాయింట్ల మధ్య అది 120 డిగ్రీలకు చేరితే ఒక్కో పాయింట్ మీద పూర్తి బరువంత బలం పడుతుంది, పంచుకున్న ప్రయోజనం పోతుంది.

రాపెల్‌కి (తాడు మీదుగా కిందికి దిగడానికి) కూడా ఈ స్థాయిలోనే సొంతంగా బాధ్యత వహించాలి. తాడు కొసలకు ముడులు వేయకపోవడం, రెండు కొసలూ సమానంగా ఉన్నాయో లేదో చూడకపోవడం వల్ల అనుభవజ్ఞులు కూడా తాడు చివర్లోంచి జారిపోయారు. కొసకు ముడి, బిలే పరికరం కింద ప్రుసిక్ లాంటి, బరువు పడగానే తాడును బిగబట్టే బ్యాకప్ ముడి, ఈ రెండూ లేకుండా దిగమనే కోర్సును నేను ఎవరికీ సిఫారసు చేయను.

6. మూడో స్థాయి: మంచు, హిమానీనదం

ప్రాథమిక పర్వతారోహణ కోర్సు సాధారణంగా వారం నుంచి నాలుగు వారాల దాకా ఉంటుంది. క్రాంపాన్స్‌తో (బూట్లకు తగిలించే ముళ్ల చట్రాలతో) నడక, ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి) వాడకం, తాడు జట్టుగా హిమానీనదం దాటడం, మంచు చీలికలో పడ్డవారిని పైకి లాగడం ఇందులో ముఖ్యం.

జారినప్పుడు ఆపుకోవడం ఎలా నేర్పుతారో చూస్తే కోర్సు నాణ్యత తెలిసిపోతుంది. కింద ప్రమాదం లేని, తనంతట తానే చదునయ్యే వాలు ఎంచుకుంటారు. హెల్మెట్ ఉంటుంది, సాధన కోసం క్రాంపాన్స్ విప్పేస్తారు. ఒక చేయి యాక్స్ తల మీద, రెండో చేయి కింది మొన దగ్గర, కర్ర ఛాతీకి ఏటవాలుగా అడ్డంగా ఉంటుంది. జారడం మొదలవగానే యాక్స్ తల ఉన్న వైపుకు దొర్లి బోర్లా పడాలి. మొన ఉన్న వైపు దొర్లితే అది మంచులో తగులుకుని యాక్స్ చేతిలోంచి లాక్కుపోతుంది. భుజం బరువంతా పిక్ (యాక్స్ తలకున్న కోసు ముక్కు) మీద వేసి నొక్కాలి. క్రాంపాన్స్ ఉంటే పాదాలు గాల్లోకి ఎత్తాలి, లేదంటే ముళ్లు మంచులో ఇరుక్కుని మనిషిని తలకిందులు చేస్తాయి. ఇదంతా ముందు కాళ్లు కిందికి పెట్టి, తర్వాత తల కిందికి పెట్టి, ఆ పైన వెల్లకిలా జారుతూ చేయించాలి. గట్టి మంచు మీద వేగం క్షణాల్లో పెరిగిపోతుంది కాబట్టి ఆలోచించి చేసే వ్యవధి ఉండదు, శరీరానికే రావాలి. ఒక పూట చేయించి "అయిపోయింది" అంటే సరిపోదు.

తాడు జట్టు గురించి రెండు చరిత్రలూ తెలుసుకోవాలి. 1865 జులై 14న మాటర్‌హార్న్ తొలిసారి ఎక్కిన ఏడుగురిలో, దిగేటప్పుడు ఒకరు జారి ఇంకో ముగ్గురిని లాగడంతో నలుగురూ చనిపోయారు. మధ్యలో తాడు తెగి మిగతా ముగ్గురు బతికారు. 1953 ఆగస్టు 10న కే2 మీద ఐదుగురు జారిపోతుంటే పీట్ షోనింగ్ బండ వెనక బిగించిన ఐస్ యాక్స్ ఆధారంగా తాడు పట్టి అందరినీ ఆపాడు. ఇద్దరూ ముగ్గురూ ఒకే తాడుకు కట్టుకోవడం దానంతటదే రక్షణ అవదు. తాడు ఏదో ఒకచోట కొండకు కట్టి ఉండాలి, లేదా పట్టుకున్నవారు సిద్ధంగా ఉండాలి. రాతి వాలు మీద ఎప్పుడు కట్టుకోవాలి, ఎప్పుడు విప్పేయాలి అన్న చర్చ మీ కోర్సులో జరగాలి.

చీలిక రక్షణ విషయంలో తాడును జడ్ (Z) ఆకారంలో తిప్పి మూడింతల లాభమిచ్చే జడ్ పద్ధతి కప్పీని మీ అంతట మీరే కట్టగలగాలి. గ్లవ్స్ వేసుకుని, అసలైన బరువుతో, చల్లగాలిలో. గదిలో చూసిన ప్రదర్శన లెక్కలోకి రాదు.

7. పై స్థాయి: నిర్ణయం

అడ్వాన్స్‌డ్ కోర్సుల్లో సాంకేతికత కన్నా విలువైనది తీర్పు. మంచు చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లోనే విరుచుకుపడతాయి. మ్యాప్‌లో ఆ వాలులు గుర్తించడం, కొత్త మంచు, గాలి, ఉష్ణోగ్రత మార్పు చూసి దారి మార్చుకోవడం నేర్పాలి. ట్రాన్స్‌సీవర్ (కూరుకుపోయినవారి జాడ చెప్పే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార మూడూ ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. కూరుకుపోయిన మనిషి బతికే అవకాశం పావుగంట దాటాక వేగంగా పడిపోతుంది కాబట్టి బయటి సాయం కోసం చూసే టైముండదు.

ఎత్తు విషయంలో లెక్క సూటిగా ఉంది. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి విశ్రాంతి రోజు ఉండాలి. మీ కోర్సు షెడ్యూల్‌ను ఈ లెక్కతో పోల్చి చూడండి. తలనొప్పి, వికారం ఉంటే పైకి వెళ్లకూడదు. సరళరేఖలో మడమకు వేలు ఆనించి నడవలేకపోతే మెదడు వాపు, కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే ఊపిరితిత్తుల్లో నీరు అనుమానించి, రాత్రయినా సరే వెంటనే కిందికి దింపాలి.

మంచి ఇన్‌స్ట్రక్టర్ చివరి రోజుల్లో దారి చూపడం మానేసి వెనక నడుస్తారు. "ఇప్పుడేం చేద్దాం?" అని మిమ్మల్నే అడుగుతారు. మీరు "వెనక్కి వెళ్దాం" అంటే కారణాలు వింటారు. ఈ అవకాశం ఇవ్వని కోర్సును అడ్వాన్స్‌డ్ అనడం నాకు మింగుడుపడదు.

8. బయల్దేరే ముందు

రెండు మూడు నెలల ముందు నుంచే బరువున్న బ్యాగుతో మెట్లు ఎక్కి దిగండి. దిగడమే మోకాళ్లకు అసలు పరీక్ష. రాతి కోసం ఫింగర్‌బోర్డు (వేళ్ల బలం పెంచే పలక) మీద వేలాడాలని తొందరపడొద్దు. కండరాలు నెలల్లో బలపడతాయి, స్నాయువులకు ఇంకా చాలా కాలం పడుతుంది. వేలి పుల్లీ (స్నాయువును ఎముకకు పట్టి ఉంచే కట్టు) తెగితే మళ్లీ రాయి తాకడానికి వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు.

క్లైంబింగ్ షూస్, హార్నెస్, హెల్మెట్ కొనుక్కోవచ్చు. మిగతావి కోర్సులో అద్దెకు దొరుకుతాయి. పర్వత బూట్లు అద్దెవైనా ముందే తెప్పించుకుని, దళసరి సాక్సుతో కొన్ని గంటలు నడిచి చూడండి. క్రాంపాన్స్ ఆ బూట్లకే సరిపడతాయో లేదో అప్పుడే తేల్చుకోండి. వాడేసిన తాడు మాత్రం ఎంత చౌకగా వచ్చినా కొనకండి. బ్యాటరీ యాసిడ్ తగిలిన నైలాన్ కంటికి మామూలుగానే కనిపిస్తుంది. బీమా తీసుకునేటప్పుడు హెలికాప్టర్ రక్షణ ఉందా, ఎంత ఎత్తు దాకా వర్తిస్తుంది, తాడు వాడే క్లైంబింగ్‌ను మినహాయించారా అన్నవి చదవండి.

9. కోర్సు అయ్యాక

ప్రతి రాత్రీ ఆ రోజు నేర్చుకున్నది బొమ్మలతో నోట్‌బుక్‌లో వేసుకోండి. ఇంటికొచ్చిన వారంలోపే ఆ బొమ్మలు చూడకుండా యాంకర్, జడ్ పద్ధతి కట్టి చూడండి. ఎక్కడ చేయి ఆగిందో రాసుకుని ఇన్‌స్ట్రక్టర్‌ని అడగండి, మంచివాళ్లు కోర్సు ముగిశాక కూడా జవాబిస్తారు. తర్వాతి స్థాయికి వెంటనే వెళ్లకండి. లీడ్ నేర్చుకున్నాక మీ సామర్థ్యం కంటే రెండు గ్రేడ్లు తక్కువ మార్గాలు ఒక సీజనంతా ఎక్కండి. మంచు కోర్సు చేశాక పీడీ స్థాయి మార్గాల్లో, మీకన్నా అనుభవమున్న జోడీతో తిరగండి. ఆ సీజన్ చివర్లో తాడు మీద ఏ పని ఇంకా పక్కవారి వైపు చూసి చేస్తున్నారో గమనించుకోండి. తర్వాతి కోర్సులో అడిగి మరీ ముందుగా నేర్చుకోవాల్సింది ఆ పనే.